మోర్తోలా తోట

మా తెలుగు సంఘం వారు ఈ సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇయ్యవలసినదని అడిగినప్పుడు, విశ్వనాథ నాయకుని కాలాన్ని గురించియో, మధురలో మనవారు నిలిపిన ధర్మకార్యాలను గురించియో వ్రాస్తానని అనుకొని ఉంటారు. ఆ సంగతులు నా కంటె బాగుగా ఎరిగినవారు ముందే వ్రాసియున్నారు. నేను ఉద్యోగం చాలించుకొన్న పిమ్మట చేసిన ఒకే ఒక దూరప్రయాణంలో, ఇటలీ దేశపు పడమటి అంచున, సముద్రపు ఒడ్డున చూచిన ఒక చిన్న పల్లెను గురించీ, అక్కడి తోటను గురించీ చెప్పుకొంటాను. పల్లె పేరు మోర్తోలా. మధురకూ దానికీ ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. అడిగినవారు కొంతదూరం నాతో నడవవలసి ఉంటుంది. మెట్లు చాలా ఉన్నవి. ఆ మాట ముందే మనవి చేస్తున్నాను.

మా అబ్బాయికి ఫ్రాన్సు దేశంలో, నీస్ పట్టణానికి దగ్గరలో ఉద్యోగం. కోడలు గుంటూరు వైపు పిల్ల. వారి ఒక్కగానొక్క కూతురికి, అనగా మా మనుమరాలికి, పదకొండేండ్లు. పుట్టింది అక్కడే. ఫ్రెంచి గడగడ మాట్లాడుతుంది, ఇంగ్లీషు వచ్చును, తెలుగు చెవికి తెలుసు గాని నోటికి రాదు. ఇందులో పిల్ల దోషమేమీ లేదు. పెండ్లి అయిన కొత్తలో అత్తవారింట మావాడు నోరు విప్పినప్పుడల్లా చుట్టూ ఉన్నవారు నవ్వేవారట. మన మధుర ఇండ్లలో ‘ఉన్నది’ అనము, ‘ఉండాది’ అంటాము. నడుమ నడుమ అరవపు మాటలు దొర్లుతవి. వారు ఎగతాళికి నవ్వలేదనీ, ముద్దుకే నవ్వారనీ కోడలు చెబుతుంది. కావచ్చును. ముద్దుకు నవ్వినా నవ్వు నవ్వే గదా. వాడు మెల్లగా భార్యతో ఇంగ్లీషులోకి దిగిపోయాడు; ఆ పిల్లా సర్దుకొన్నది. మా పెద్దలు ఎన్నడు మధుర చేరారో చెప్పే కాగితం మా ఇంట లేదు. నాయకరాజుల వెంట వచ్చామని అవ్వ చెప్పేది. ఆ నాయకుల ఏలుబడి 1529 నుండి 1736 వరకు. అప్పటినుండి బడి లేక, పుస్తకం లేక, వంటింటిలోను పెరటిలోను నిలుపుకొన్న మాట, తీరా తెలుగువారితో వియ్యమందిన తరువాత తెగినది. ఈ సంగతి నేను అబ్బాయితో ఎన్నడూ అనలేదు. వారింట ఉన్న నెలరోజులూ నేను మనుమరాలిని తెలుగున పలకరించేవాడను, అది ఇంగ్లీషున జవాబు చెప్పేది.

నిరుడు జూన్ నెల చివర ఒక ఆదివారం నాడు మా ముగ్గురమూ మోర్తోలాకు బయలుదేరాము. కోడలికి ఆ రోజు పని ఉండి రాలేదు. నీస్ నుండి రైలు తూర్పుగా, కొండకూ సముద్రానికీ నడుమనున్న సన్నని దారిలో, సొరంగాలలో దూరుతూ వెలువడుతూ పోతుంది. మొనాకో, మాంటన్ గడచిన తరువాత ఇటలీ. వెంటిమీలియా స్టేషనులో దిగి, వచ్చిన దిక్కుకే తిరిగి కొండదారిన బస్సులో కొంతదూరం పోవాలి. సరిహద్దు ఆ పల్లెకు నడచిపోయేటంత దూరమే. 2015 వేసవిలో ఫ్రాన్సువారు అక్కడ తనిఖీలు మరల మొదలుపెట్టినప్పుడు, ఆఫ్రికా నుండి వచ్చిన శరణార్థులు ముందుకు పోనీయక ఆపబడి, సముద్రపు రాళ్ల మీదనే వేసవి అంతా పడియున్నారు. ఆ రాళ్లు ఇక్కడివేనని బస్సులో అబ్బాయి చెప్పాడు. తరువాత కొంతసేపు మేమెవరమూ మాట్లాడలేదు.

మోర్తోలాను పల్లె అనడం కూడ ఎక్కువే. ఒక చర్చి, ఆలివు చెట్లున్న మెట్టపొలాలు, ఎండకు తలుపులు మూసిన కిటికీలతో కొద్దిపాటి ఇండ్లు; అంతే. ఆ కొండల మీద అడవిగా పెరిగే మిర్టిల్ అనే పొదను బట్టి ఊరికి ఆ పేరు వచ్చినదట. దారిన మోటారు పోయినప్పుడు చప్పుడు. అది మలుపు తిరిగితే ఇక ఇలకోళ్ల రొద తప్ప మరేమీ లేదు. తోట వాకిలి దారి పక్కనే ఉన్నది. లోపల అడుగుపెట్టి చూస్తే నేల మన కాళ్ల దగ్గర నుండి వాలుగా జారి, మెట్లు మెట్లుగా దిగి, ఎక్కడో అడుగున నీలిసముద్రంలో కలుస్తుంది. మొత్తం 18 హెక్టార్లు, అనగా సుమారు 45 ఎకరాలు.

దీనిని నాటించినవాడు థామస్ హాన్‌బరీ అనే ఆంగ్లేయుడు. 1853లో, ఇరవై ఒకటవ ఏట, చీనాలోని షాంఘై నగరం చేరి, పట్టు, తేయాకు వర్తకంలో ధనం గడించాడు. 1867లో ఈ కొండవాలునూ, దానిమీది పాతభవనాన్నీ కొన్నాడు. (వర్తకుల ధనం ఎట్లు వచ్చినదని ఆరా తీయడం మొదలుపెడితే లోకంలో ఏ తోటలోనూ కూర్చోలేము గనుక అంతటితో విడిచాను.) ఆయన అన్న డేనియల్ మందుల శాస్త్రంలో పండితుడు. ఏ మొక్క ఎక్కడిది, ఏమి పనికి వచ్చును అని విచారించి తమ్ముని చేత నాటించినవాడు ఆయనే. లుడ్విగ్ వింటర్ అనే జర్మను తోటపనివాడు మొదటి ఏండ్లలో దారులు తీర్చి నేల సిద్ధం చేశాడు. డేనియల్ హాన్‌బరీ 1874లో ఫ్లూకిగర్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, బ్రిటనులోను ఆనాటి బ్రిటిష్ ఇండియాలోను వాడుకలో ఉన్న మూలికల చరిత్రను ‘ఫార్మకోగ్రాఫియా’ అనే పెద్ద గ్రంథంగా ప్రకటించాడు. మన వేపపట్ట కూడ అందులో ఉన్నది. మరుసటి ఏడే ఆయన చనిపోయాడు. తమ్ముడు 1907 వరకు జీవించి మోర్తోలాలోనే కన్నుమూశాడు. లండను సమీపంలోని ప్రసిద్ధమైన విస్లీ తోట భూమిని 1903లో కొని, అక్కడి ఉద్యానసంఘానికి దానం చేసినవాడూ ఈయనే.

నేను వెళ్లేముందు ఊహించుకొన్నది, ఇది ఇటలీ చెట్ల తోట అని. అందులో మొదటి పలక చదివేసరికే ఆ ఊహ పోయినది. మనుమరాలు ముందు పరుగెత్తి పలకలు చదువుతూ, నేను వెనుక చేతికర్రతో దిగుతూ ఉన్నాము. లాటిను పేరు కింద దేశం పేరు ఉంటుంది. అది దేశం పేరు కేక వేసి చెప్పడం, నేను ఆ మొక్కను గుర్తుపట్టి మన పేరు చెప్పడం, ఇదొక ఆటగా సాగింది. తెల్లని మాను గల పెద్ద చెట్ల కింద నిలిచి ‘ఆస్ట్రేలియా’ అన్నది. నేను ‘నీలగిరి చెట్టు’ అన్నాను. నీలగిరులు ఎక్కడ ఉన్నవని అడిగింది. మా ఊరికి దగ్గరలోనే అన్నాను. మరి ఆస్ట్రేలియా అని వ్రాశారే అన్నది. పందొమ్మిదవ శతాబ్దిలో దొరలు ఉదకమండలంలో వంటచెరకుకు నాటించిన చెట్టును, పుట్టినప్పటినుండి అక్కడిదే అన్నట్లు, మనవారు ఆ కొండ పేరుతోనే పిలుస్తున్నారని పిల్లకు చెప్పేసరికి నాకే నవ్వు వచ్చినది. తరువాత రాతిగోడల మీద కత్తులవలె నిలిచిన మొక్కలు. ‘మెక్సికో’ అన్నది. అది మన రైలుకట్టల వెంట పెరిగే కిత్తనార. మధ్యధరా తీరపు చిత్రపటాలన్నిటిలోనూ ఆ మొక్క ఉంటుంది. అది లేకుండ ఆ తీరాన్ని ఊహించలేము. అదీ అక్కడిది కాదు. దాని పక్కన నాగజెముడు. ఈ పేరు పిల్లకు మహా నచ్చింది. ‘నాగ-జెముడు, నాగ-జెముడు’ అంటూ రెండు మలుపులు దిగింది.

కాగితపు జమ్ము పెరిగిన ఒక కొలను మధ్య కంచు మకరం ఒకటి నోట నీరు కారుస్తున్నది. కొంచెం కిందుగా, అరబ్బుల తీరున కట్టిన మండపంలో హాన్‌బరీ దంపతుల చితాభస్మం ఉన్నది. అక్కడ నిలువక ముందుకు పోయాము, ఎందుకనగా గాలిలో పుల్లని పరిమళం ఒకటి వచ్చినది.

నిమ్మజాతి చెట్ల తోట అది. మాదీఫలాలు, నిమ్మలు, దబ్బలు, పుల్లనారింజలు; పూతకాలం దాటిపోయినా ఆకు నలిపితే చాలు, మా పెరడే. నేనొక రాతిగట్టు మీద కూర్చుండిపోయాను. ఈ పండ్లన్నీ తూర్పుదేశాలవి. అరబ్బులు పుల్లనారింజను పడమటికి తెచ్చారు. తీయనిది చాలకాలం తరువాత, సుమారు 500 ఏండ్ల కిందట, ఆ సముద్రాలకు అలవాటైనది. పండుతోపాటు పేరు కూడ ప్రయాణం చేసింది. సంస్కృతంలో నారంగం, దానికి మూలం ద్రావిడభాషలలోనే ఉన్నదని పండితులు చాలామంది చెబుతారు. పారసీకులు నారంగ్ అన్నారు, అరబ్బులు నారంజ్ అన్నారు, స్పెయినువారు నరాంహా అన్నారు, ఇటలీ చేరేసరికి తొలి నకారం రాలిపోయి అరాంచా అయినది. ఫ్రెంచివారి ఓరాంజ్ కూడ అదే. మనుమరాలు ఈ గొలుసును వేళ్ల మీద లెక్కపెట్టుకొని, ‘అయితే తాతయ్యా, మన ఇంట్లో నారింజ అంటారా?’ అని ఇంగ్లీషున అడిగింది.

అక్కడ నాకు చిక్కు వచ్చినది. మా ఇంట నారింజ అనము. కిచ్చిలి అంటాము. ఒకసారి వియ్యంకుడుగారు మధుర వచ్చినప్పుడు, ‘కిచ్చిలి రసం పుచ్చుకోండి’ అని నేను గ్లాసు అందిస్తే, ఆయన నవ్వుతూ, ‘అది అరవం కదా బావగారూ!’ అన్నారు. అరవవారు కూడ ఆ మాట వాడతారు గనుక నేనూ నిజమే కాబోలనుకొని సిగ్గుపడి ఊరకున్నాను. చాలాకాలం తరువాత దేనికొరకో బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువు తిరగవేస్తూండగా కిచ్చిలి కంటబడినది. తెలుగు మాటగానే ఉన్నది. పెద్ద ఊళ్లలో వాడుక తప్పిన మాట మా వంటింటిలో ఎవరికీ తెలియకుండ బ్రతికియున్నదన్నమాట. మరి వియ్యంకుడుగారి బత్తాయి మాటలో జావాదీవిలోని బటేవియా నగరం పేరు దాగియున్నదని అంటారు. ఈ సంగతి ఆయనకు నేనింతవరకు చెప్పలేదు. ఈ సంచిక వారింటికి చేరితే చేరనీ.

‘కిచ్చిలి’ అని పిల్లకు చెప్పాను. ‘కిచ్చిలి’ అన్నది. అబ్బాయి పక్కన నిలిచి సముద్రం వైపు చూస్తున్నాడు. ‘నైనా, ఆ మాట విని ఇరవై ఏండ్లయింది’ అన్నాడు. అంతకంటె ఏమీ అనలేదు.

ఇంకా దిగితే తోటకు అడ్డంగా ఒక పాతదారి పోతున్నది. రోముచక్రవర్తి అగస్టసు క్రీస్తు పూర్వం 13లో వేయించిన జూలియా అగస్టా రాచబాట అది. తోట దాని మీదుగా వంతెనతో దాటుతుంది. ఆ దారిన సైన్యాలు ఎన్నిసార్లు పోయినవో లెక్కలేదు. తోటకు అన్నిటికంటె పెద్ద దెబ్బ తగిలినది మాత్రం నిన్నమొన్ననే. రెండవ ప్రపంచయుద్ధంలో సరిహద్దు పక్కన ఉండడమే దానికి శాపమైనది. 1940లో ఒకసారి, యుద్ధాంతంలో మరొకసారి, ఈ కొండ మీదనే పోరు నడచినది. 1960లో హాన్‌బరీ వంశంవారు తోటను ఇటలీ ప్రభుత్వానికి అమ్మివేశారు. ఆ తరువాత చాలా ఏండ్లు చాలినంత ఆలనాపాలనా లేక పొదలు కమ్మినవి. 1987లో జెనోవా విశ్వవిద్యాలయం వారు చేపట్టినప్పటినుండి మరల తేరుకొంటున్నది. ఆల్విన్ బెర్గర్ అనే పండితుడు 1912లో అచ్చువేయించిన పట్టికలో వేలకొలది మొక్కల పేర్లున్నవి; వానిలో చాలామట్టుకు నేడు లేవు. నీరు పోసేవారు లేని ఆ కాలంలో కొన్ని జాతులు చచ్చినవి. కొన్ని తమంత తామే గింజ రాల్చి మొలిచి, పలక లేకపోయినా నిలిచినవి. పేరు చెప్పేవారు లేరు గనుక అవి బ్రతికియున్నట్లు కూడ చాలాకాలం లెక్కకు రాలేదు. ఈ మాట చదువుతున్నప్పుడు నాకు బ్రౌన్ నిఘంటువు మరల జ్ఞాపకం వచ్చినది.

అడుగున సముద్రం. ఇసుక లేదు, గులకరాళ్లు, స్వచ్ఛమైన నీరు, చిన్న అల. మన రామేశ్వరం దగ్గరి సముద్రంవలె శాంతంగా ఉన్నది. ఒడ్డు వెంట కొన్ని ఖర్జూరపు మోళ్లు కనబడినవి. తల తెగిన ఖర్జూరాలు ఆ తీరమంతటా చూచాను. తెగులు ఏమిటని ఆరా తీస్తే ఒక పురుగు అని చెప్పారు. అబ్బాయి దాని చిత్రం చూపగానే గుర్తుపట్టాను. మన కొబ్బరితోటల ఎర్ర ముక్కుపురుగు! మన వైపు దేశాలది అది. అరబ్బుదేశాల మీదుగా, అమ్మకపు మొక్కలలో దాగి ఐరోపా చేరి, ఇటలీలో 2004 నుండి ఈ వినాశం చేస్తున్నది. మన దేశం నుండి నారింజ, మల్లె మాత్రమే పోయినవని గర్వించబోతున్న నాకు ఆ మోళ్లు కొంత గుణపాఠం చెప్పినవి.

దిగినవాడు ఎక్కవలె గదా. సుమారు 100 మీటర్ల ఎత్తు, ఎండ, నా మోకాళ్లు. ప్రతి అరుగు మీదా కూర్చుంటూ, ప్రతి చెట్టునూ శ్రద్ధగా పరీక్షిస్తున్నట్లు నటిస్తూ, గంటకు పైగా పట్టి పైకి వచ్చాము. బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి అబ్బాయి ముందుకు పోయాడు. మనుమరాలూ నేనూ ఊరిలో నీడ చూచుకొని, ఒక ఇంటి ముందర మెట్టు మీద కూలబడ్డాము. కూర్చున్నామో లేదో నాకు మధుర వాసన కొట్టింది.

అతిశయోక్తి కాదు. మీనాక్షి గుడి ముందు సాయంకాలం మల్లెలు అమ్మే వీధిలో నిలిచినట్లే ఉన్నది. తిరిగి చూస్తే తలుపు పక్కన ఒక మట్టితొట్టి, అందులో గుబురైన పొద, గుండ్రని ముద్దపూలు. గుండుమల్లి! 2013లో ‘మధుర మల్లి’కి సర్కారువారు భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు మా వీధిలో మిఠాయిలు పంచారు, దాని చుట్టమొకతె ఇక్కడ ఎవరికీ చెప్పకుండ కాపురముంటున్నది. అలికిడికి ఇంటి ముసలామె బయటకు వచ్చినది. నాకు ఆమె భాష రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. సరిహద్దువారు గనుక ఫ్రెంచి వచ్చును. అందుచేత మనుమరాలు మధ్యవర్తి అయినది. మొక్క పేరేమని అడిగించాను. ‘ముగెరీనో’ అన్నదామె. ఉత్తరాదివారి ‘మోగ్రా’ నా చెవిన పడినట్లయింది. టస్కనీ ప్రభువు మూడవ కోసిమో 17వ శతాబ్ది చివరలో గోవా నుండి ఇట్టి ముద్దమల్లెను తెప్పించుకొని, కొమ్మ కూడ తన తోట దాటరాదని కట్టడి చేశాడనీ, ఒక తోటమాలి దొంగచాటుగా తన ప్రియురాలికి ఒక కొమ్మ ఇచ్చుటచే అది లోకంపాలైనదనీ ఆ దేశంలో ఒక కథ ఉన్నది. నేటికీ దానిని ‘ప్రభువుగారి మల్లె’ అనే పిలుస్తారు.

ఎన్నాళ్ల మొక్క అని అడుగుమన్నాను. ముసలామె చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. పిల్ల తల ఊపుతూ విన్నది. విని, నా వైపు తిరిగి, తొందరలో ఏ భాషలోకి మార్చవలెనో మరచిపోయి కాబోలు, ఇట్లు అన్నది: ‘తాతయ్యా, ఇది వాళ్ల అమ్మ చెట్టు. అమ్మ లేదు. చెట్టు ఉండాది.’

అబ్బాయి అప్పుడే వీధి మలుపు తిరిగి వచ్చి నిలిచాడు. విన్నాడని ముఖం చూస్తే తెలిసింది. బస్సు ఇరవై నిమిషాలకు వస్తుందని చెప్పి, అవసరం లేకపోయినా నా చేతికర్ర తీసుకొని తుడవడం మొదలుపెట్టాడు.

ముసలామె లోపలికి పోయి కత్తెర తెచ్చింది. పెద్దతొట్టి పక్కన ఒక చిన్నతొట్టి ఉన్నది. మన ఇండ్లలో వేసినట్లే, కొమ్మ వంచి అందులో మట్టి కప్పి నేలంటు వేసియున్నది. తల్లికొమ్మ దగ్గర కత్తిరించి, చిన్నతొట్టి పిల్ల చేతికి ఇచ్చింది. డబ్బు చూపితే కోపగించుకొన్నది. ఆకాశం వైపు చూపి, వేలితో మట్టిని తట్టి ఏదో చెప్పింది. ఎండలో పెట్టుమనీ, చలికాలంలో లోపలికి తీసుకొమ్మనీ, నీరు ఎక్కువ పోయవద్దనీ.

తిరుగురైలులో, మాంటన్ చేరకమునుపే ఫ్రాన్సు పోలీసులు పెట్టెలోకి వచ్చారు. ఎదుటి బెంచీ మీది ఇద్దరు నల్లవారి కుర్రవాండ్రను చాలాసేపు ప్రశ్నించి దింపివేశారు. నా పాసుపోర్టు రెండుసార్లు తిప్పిచూచారు. మనుమరాలి ఒడిలోని తొట్టి వంక ఎవరూ చూడలేదు.

నేను మధుర వచ్చిన తరువాత మూడు నెలలకు వారి బాల్కనీ చిత్రం ఒకటి ఫోనులో వచ్చినది. తొట్టి పెద్దదైనది. దాని మీద అంటించిన కాగితంలో, గుండ్రని పెద్ద తెలుగు అక్షరాలతో, దీర్ఘాలు వంకరపోయి, ఇట్లు ఉన్నది: ‘గుండుమల్లి. 3 మొగ్గలు ఉండాది.’

దాని కింద కోడలు పంపిన మాట: ‘బొడ్డుమల్లె అని వ్రాయమన్నాను మామయ్యగారూ, వినలేదు.’